పరదేశం పోయే పెద్దలకు ఒక మాట



ఉపాసకులారా, ఉపాసికలారా,

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి సాతంరాయిలో మనకు విమానాల చప్పుడు అలవాటైపోయింది. ఇప్పుడు ఆ విమానాల్లో మనవాళ్లూ పోతున్నారు. రిటైరైన తల్లిదండ్రులు కొడుకు దగ్గరికో, బిడ్డ దగ్గరికో ఆరు నెలల కోసం పోతున్నారు. సూట్‌కేసులో తొక్కు, కారప్పొడి, బీపీ మాత్రలు సర్దుతారు. బుద్ధుని బొమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. కొడుకు ఫోన్‌లో ముందే చెప్పి ఉంటాడు: "నాన్నా, ఇక్కడ మన తెలుగోళ్లు ఇంటికి వస్తూ పోతూ ఉంటారు. హాల్లో ఏం పెట్టొద్దు. ఎవరన్నా అడిగితే ఏదో ఒకటి చెప్పండి."

ఏదో ఒకటంటే ఏం చెప్పాలి? అబద్ధం ఆడనని నాలుగో శీలం తీసుకున్నవాళ్లం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఆ మాట ఉంది. మరి మనమెవరమో దాచిపెడితే శీలం తప్పినట్టేనా?

ముందుగా, ఆ కొడుకును కోప్పడకండి. కులం ఓడెక్కి, విమానమెక్కి దేశాలు దాటింది. హిందువులు ఎక్కడికి పోతే కులం అక్కడికి పోతుందన్న హెచ్చరికను బాబాసాహెబ్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన తన వ్యాసంలో గుర్తుచేశాడు. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడ కులం లేకుంటే ఆ చట్టం ఎందుకు? పిల్లవాడి భయానికి కారణం ఉంది. సిగ్గుపడాల్సింది భయపడేవాడు కాదు, భయపెట్టేవాడు.

ఇక శీలం సంగతి. మాట ఎట్లా ఉండాలో అభయ రాజకుమారునికి బుద్ధుడు వివరించాడు. మాట నిజం కావాలి, మేలు చేసేది కావాలి, నిజమూ మేలూ అయినా సమయం చూసి చెప్పాలి. అంటే తెలిసినదంతా ప్రతివాడికీ అప్పజెప్పమని ధమ్మం అడగదు. సమయం కాదనుకుని ఊరుకుంటే అది అబద్ధం కాదు. కానీ "మీరేవాళ్లు?" అని అడిగినప్పుడు వేరే కులం పేరు చెప్పామా, అది అబద్ధమే. పైగా పక్కన మనవడు వింటుంటాడు. తాత పేరు చెప్పుకోలేనిదని ఆ పసివాడు ఆ రోజే నేర్చుకుంటాడు. "మేం బౌద్ధులం" అనే మాట చాలు. అది నిజం, ఎవరినీ నొప్పించదు. అడిగినవాడు మళ్లీ గుచ్చి అడిగితే, ఆ అడగడమే తప్పు అని నెమ్మదిగా చెప్పొచ్చు.

ధమ్మం మాట్లాడటం భంతేల పని కదా, మాకెందుకు అంటారేమో. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. బర్మాలో పుట్టి కుశీనగరంలో స్థిరపడ్డ ఎనభై ఏళ్ల చంద్రమణి మహాస్థవిరుని నుంచి బాబాసాహెబ్, మాయిసాహెబ్ సవితా అంబేడ్కర్ కలిసి దీక్ష తీసుకున్నారు. తర్వాత లక్షల మందికి దీక్ష ఇచ్చింది బాబాసాహెబే. ఆయన చీవరం కట్టలేదు, మనలాంటి ఉపాసకుడే. మన నాగార్జునకొండనే చూడండి. సింహళం నుంచి వచ్చే థేరుల కోసం మూడో శతాబ్దంలో చైత్యగృహం కట్టించిన బోధిసిరి కూడా ఉపాసికే.

వయసైపోయింది, ఒంట్లో బాగాలేదు అంటారా? బాబాసాహెబ్‌కు షుగర్, కాళ్ల నొప్పులు. అయినా 1950లో సింహళం పోయాడు. కొలంబోలో అక్కడి అంటరానివాళ్లను బౌద్ధం తీసుకోమని అడిగాడు. 1954 డిసెంబర్‌లో రంగూన్ పోయాడు. 1956 నవంబర్ 20న ఖాట్మండూలో బుద్ధుడు, కార్ల్ మార్క్స్ గురించి మాట్లాడాడు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. డాక్టరైన మాయిసాహెబ్ ఆయన ఆరోగ్యం కనిపెట్టుకుంటూ వెంట ఉంది. ఆ తర్వాత పదహారు రోజులకే, డిసెంబర్ 6న, ఆయన మహాపరినిర్వాణం.

అందరం అంత చేయలేం. కానీ మీ దగ్గర మీ కొడుకు దగ్గర లేనిదొకటి ఉంది. అతనికి ఉద్యోగం పోతుందన్న భయం, వీసా భయం, ప్రమోషన్ భయం. మీకు పింఛను ఎవరూ ఆపరు. పోగొట్టుకునేది తక్కువ ఉన్నవాడే ముందు నోరు విప్పాలి. ముసలితనం ఇచ్చే స్వేచ్ఛ ఇదే.

అయితే ఒక చిక్కుంది. మీరు మాట్లాడి విమానమెక్కి వచ్చేస్తారు, ఆ మాట ఫలితం అక్కడ ఉండే పిల్లల మీద పడుతుంది. ఒకరి మెడ మీద కత్తి పెట్టి మనం ధైర్యం చూపడం కరుణ కాదు. అందుకే ముందు కొడుకుతో, కోడలితో కూర్చుని మాట్లాడండి. ఎవరి ముందు చెప్పొచ్చు, ఎక్కడ ఊరుకోవాలి అన్నది వాళ్లతో కలిసే నిర్ణయించండి. అబద్ధం మాత్రం ఆడమని మీ మాటగా చెప్పండి.

హాల్లో వద్దంటే బొమ్మను మీ గదిలో పెట్టుకోండి. పున్నమి రోజు ఇద్దరూ కూర్చుని త్రిశరణ, పంచశీల చెప్పుకోండి. మనవడు వచ్చి తాతా, ఈయనెవరు అని అడుగుతాడు. అప్పుడు ఇంట్లోనైనా దాచకండి. సిద్ధార్థుని కథ చెప్పండి, భీమ్‌రావు అనే పిల్లవాణ్ణి బడిలో ఎక్కడ కూర్చోబెట్టారో చెప్పండి. రేపు వాడు పెద్దవాడై, మీ కొడుకు చెప్పలేని మాట తలెత్తి చెబుతాడు.

సూట్‌కేసు బరువుకు లెక్క ఉంది. ధమ్మానికి లెక్క లేదు. తీసుకుపోండి.

భవతు సబ్బ మంగళం.