గుమాస్తాను ఎంచుకొనుట

పనివానిని పెట్టుకొనునప్పుడు వర్తకులు సామాన్యముగా మూడు సంగతులు విచారింతురు: ఎవరి అబ్బాయి, ఎంతవరకు చదివినాడు, ఎంత జీతమడుగుచున్నాడు. ఇందులో చదువు సంగతి నానాటికి చిన్నదగుచున్నది. వడ్డీ లెక్క యంత్రమే కట్టును, బిల్లు అదే వ్రాయును. తక్కిన పని తెలివిగల కుర్రవానికి మూడు నెలలలో నేర్పవచ్చును. అట్లు నేర్పరానిది వేరొకటి కలదు.

మింజూరు బజారులోని తాకట్టు కొట్టునే చూడుడు. పొన్నేరి వైపు పల్లెల తెలుగువారు, తమిళులు, ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల పనులకు వచ్చిన ఉత్తరాదివారు అక్కడికి వత్తురు. సంతోషముగా వచ్చువారు లేరు. పిల్లవాని కాలేజీ జీతమునకో, ఆసుపత్రి ఖర్చునకో ఒక ఇల్లాలు చేతిగాజులు తీసి బల్లపై పెట్టినప్పుడు, తూకము ఆమెకు మాత్రమే వినబడునట్లు చెప్పువాడు ఒకడు, "మళ్ళీ వచ్చినారా అమ్మా?" అని నలుగురిలో బిగ్గరగా అడుగువాడు మరియొకడు. ఇద్దరికిని లెక్కలు వచ్చును. రెండవవాడు దొంగ కాడు. అయినను ఆమె మరల ఆ గడప తొక్కదు. ఇతరుల గుట్టు బయటపెట్టుటను సత్యాణువ్రతపు అతిచారములలో చేర్చిన పెద్దలకు అంగడి సంగతులు బాగుగనే తెలిసియుండవలెను!

ఆ వరుసలోనే న్యాసాపహారము కలదు. తత్త్వార్థసూత్రమునకు పూజ్యపాదులు వ్రాసిన సర్వార్థసిద్ధిలో దీని వివరణ చూడదగినది. సొమ్ము దాచినవాడు లెక్క మరచి తక్కువ అడిగినప్పుడు, అవును, అంతేయని ఒప్పుకొనుటయే ఆ దోషము. పెట్టె పగులగొట్టలేదు, చేయి చాపలేదు, ఒక్క "అవును" అన్నాడు. గుమాస్తాలో వెదుకవలసినది ఆ "అవును" అనలేని నాలుక.

అది కలదో లేదో తెలియుట ఎట్లు? కొందరు కొత్త కుర్రవాడు ఊడ్చు చోట నోటు జారవిడిచి పొంచి చూతురు. పద్ధతి పాతదే. ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటితో అమాత్యులను పరీక్షించుటను కౌటిల్యుడు వర్ణించెను. తిరుక్కురళ్ 51వ అధికారమును ఆ నాలుగింటితోనే మొదలగును. కాని కౌటిల్యుడే అచ్చట హెచ్చరించెను: నీటిలో విషము కలిపినట్లు, చెడనివానిని పరీక్ష పేరిట చెడగొట్టరాదు, అట్లు చెడినవానికి మందు దొరకకపోవచ్చును. ఇంటిలో జబ్బుమనిషి ఉన్న పదునెనిమిదేండ్ల కుర్రవాని ముందు ఐదువందల నోటు పడవేయుట పరీక్ష కాదు, వల. తాను తప్పు వ్రాసిన చీటీని తానై తెచ్చి చూపునా, బేరము కుదరక వెళ్లువారితో ఎట్లు మాటలాడును అని నెలరోజులు గమనించుట మేలు.

"మనవాళ్ల పిల్లవాడు" అను పూచీకి విలువ లేకపోలేదు. తెలిసిన కుటుంబము తప్పునకు సిగ్గుపడును. అయితే సిగ్గు కుటుంబముది, గుణము కుర్రవానిది. మూడు భాషలు వచ్చిన ఊరి బిడ్డను పేరు అడిగిన వెంటనే వాకిటినుండి త్రిప్పి పంపుట నష్టపు బేరము.

ఇంతకును అసలు చిక్కు ఎంచుకొన్న తరువాత వచ్చును. నిజాయితీపరుని వెదకి తెచ్చి, తరుగు ఒక పిసరు ఎక్కువ వేయుమని చెవిలో చెప్పు యజమాని కలడు. దొంగ తూకమును, ఒరులచేత దొంగిలింపజేయుటయు అచౌర్యాణువ్రతపు అతిచారములే. గిరాకీ వద్ద దొంగగాను, గల్లాపెట్టె వద్ద దొరగాను ఉండుమన్న ఏ కుర్రవానికి సాధ్యము?

అహింసాణువ్రతమున అతిభారారోపణము, అన్నపాననిరోధము కలవు. అవి ఎద్దుల మాటలని త్రోసివేయువారున్నారు. పగలంతయు బట్టల కొట్లలో నిలువుకాళ్లపై ఉండు పనివారికి కూర్చుండు వసతి ఉండవలెనని, 1947 నాటి దుకాణముల చట్టమును తమిళనాడు ప్రభుత్వము 2021లో సవరింపవలసి వచ్చెను. కేరళలో 2018లోనే ఆ పని జరిగెను. స్టూలు వేసినవారున్నారు, దానిపై కూర్చున్నవారిని కనుసైగతో లేపువారును ఉన్నారు. రద్దీ యని మూడు గంటలవరకు అన్నమునకు పంపక, సాయంకాలము ఆ కుర్రవాడు గిరాకీతో విసుగుగా మాటలాడినచో, వీని గుణము మంచిది కాదని మరునాడే మరియొకనికై కబురు పంపుదురు.