కొళాయి వచ్చాక పొదుపు ఎందుకు?

అనంతపురం సీమలో పుట్టినవారికి నీటి పొదుపు గురించి కొత్తగా పాఠం చెప్పనక్కర లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ వేళకు పడదు. బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచినవారు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పోసేవారు. స్నానం నీళ్లు చెట్టు పాదుకు మళ్లించేవారు. సంతకు గుడ్డ సంచి పట్టుకుని పోయేవారు. పర్యావరణం అనే మాట వారికి తెలియదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అది సుగుణమా, గతిలేక చేసిన పనా? 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు నీళ్లు తెచ్చింది. ఆ తరువాత ఇంటింటికి కొళాయిలు, మిద్దెల మీద ట్యాంకులు వచ్చాయి. లేమి తగ్గితే పొదుపు కూడా మానుకోవచ్చా?

యోహాను సువార్త 6వ అధ్యాయం చూడండి. అయిదు రొట్టెలు అయిదు వేల మందికి చాలిన రోజది. అందరూ కడుపునిండా తిన్నాక ప్రభువు శిష్యుల చేత మిగిలిన ముక్కలు ఏరించారు. పన్నెండు గంపలు నిండాయి. అన్ని రొట్టెలు ఇవ్వగలిగినవారికి ముక్కలతో ఏమి పని? లేనప్పుడు పొదుపు చేయడం అవసరం. ఉన్నప్పుడు చేయడమే ధర్మం. దానంగా వచ్చినదాన్ని పారేసే హక్కు మనకు రాలేదు.

"మా ఇంట్లో ఒక బకెట్ మిగిలిస్తే ఏమవుతుంది? పొలాల్లో బోర్లు ఆగకుండా తోడుతున్నాయి కదా" అంటారు కొందరు. ఆ మాటలో నిజం ఉంది. సేద్యానికి పోయే నీటి ముందు ఇంటి వాడకం చాలా చిన్నది. అయితే మన నేల కింద చాలాచోట్ల గట్టి బండ ఉంది, నీరు దాని పగుళ్లలోనే నిలుస్తుంది. నేను బోరు ఇంకా లోతుకు వేయిస్తే పక్క చేనివాని బోరు ఎండిపోవచ్చు. పొలం నాదే, నీరు మాత్రం నా ఒక్కడిది కాదు. అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో 2003 మొదలు కొన్నేళ్లపాటు రైతులే వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలు ఎంచుకోవడం నేర్చుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ పనికి తోడ్పడింది. ఆ కొలత బుద్ధి పొలంలో నిలవాలంటే పిల్లలకు అది ఇంట్లోనే అబ్బాలి. కొళాయి కట్టేయని చేయి రేపు మోటారు కట్టేస్తుందా?

2015లో పోపు ఫ్రాన్సిస్ గారు "లౌదాతో సీ" లేఖలో ఇంటి పనులనే పేర్కొన్నారు. తినేంతే వండుకోవడం, చెత్తను వేరుచేయడం, అక్కరలేని దీపం ఆర్పడం వంటివి. నేల గోడును, పేదల గోడును కలిపి వినమన్నారు. మన విచారణ పండుగ విందు మర్నాడు గుడి ఆవరణ చూస్తే ఆ మాట అర్థమవుతుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. చట్టానికి జడిసి మానడం వేరు, మర్నాడు వాటిని ఏరే మనిషిని తలచి మానడం వేరు. విస్తరాకులు, స్టీలు గ్లాసులు మనకు కొత్తవి కావు.

అయితే ఇంటి పొదుపు ఇల్లాలి నడుము మీద పడకూడదు. గ్లాసులు కడగడం, నీళ్లు మోయడం, చెత్త వేరుచేయడం ఆమెకు వదిలేసి మిగతావారు ప్రకృతి ప్రేమికులమనుకుంటే అది పొదుపు కాదు, భారం మార్చడం. వాడినవారే కడగాలి. షవరు కింద నిలిచే కొడుకే బకెట్‌కు మారాలి. తాగునీటి యంత్రం వదిలేసే నీటిలో లవణాలు ఎక్కువ కనుక మొక్కలకు వద్దు. దాన్ని మరుగుదొడ్డికి మోసే పని నాన్న తీసుకోవచ్చు.

ఈ వారం ఒక సాయంత్రం, కుటుంబ జపమాల ముగిశాక, అందరూ కూర్చుని లెక్క వేయండి. ఈ రోజు ఇంట్లో ఎన్ని బకెట్లు వాడాం? ఎంత అన్నం పారేశాం? దేన్ని ఎవరు తగ్గిస్తారు? వయసులో పెద్దవారు తమ వాటా ముందు చెప్పాలి.