ఆజ్ఞయు ధూళియు

సైనికుడు తన ప్రాణమును రాజ్యమునకు అప్పగించినవాడని లోకము చెప్పును. ఈ మాట సత్యమే. కాని ఆ అప్పగింతలో ఏమేమి చేరియున్నదో లెక్క చూచినవారు అరుదు. తుపాకిగుండు తగిలినప్పుడు గాయము కనబడును, రక్తము సాక్ష్యమిచ్చును, ప్రక్కనున్న తోటివాడు చూచును. కంటికానని ధూళి ఊపిరితిత్తులలో దిగి, ముప్పది నలువది సంవత్సరములు మౌనముగా నుండి, పిదప మనుష్యుని ఊపిరి బిగబట్టినప్పుడు సాక్షి యెవడు? ఋణస్థుడెవడు? న్యాయస్థానమునకు పోకముందే ఈ ప్రశ్న ధర్మమునకు చెందినది.

పుదుచ్చేరి పట్టణపు సముద్రతీరమున వైతికుప్పమను మత్స్యకారుల పేట కలదు. మాసిమఘ పర్వదినమున చుట్టుప్రక్కల ఆలయముల ఉత్సవమూర్తులను ఈ తీరమునకే తెచ్చి తీర్థమాడింతురు. ఒడ్డు వెంబడి దక్షిణముగా నడచినచో ఫ్రెంచివారు నిలిపిన యుద్ధస్మారకము ఎదురగును. ఒకే ఊరిలో రెండు సైన్యముల పింఛనుదారులుండుట ఈ పట్టణమునకు గల విశేషము. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసెను; 1962 ఆగస్టు 16న ఆ అప్పగింత చట్టబద్ధమయ్యెను. ఫ్రెంచి పౌరసత్వము నిలుపుకొన్న కుటుంబములవారు కొందరు ఆ దేశపు సేనలో కొలువు చేసిరి. తక్కినవారిలో కొందరు భారతసేనలో చేరిరి. ఇరువురికిని జెండాలు వేరు, భాషలు వేరు. ఊపిరితిత్తులు మాత్రము ఒకే తీరువి.

వారిలో ఒకడు యుద్ధరంగమును చూడక, మోటారు మరమ్మతుశాలలోనే కొలువు గడపినాడని ఊహింపవచ్చును. అతడు జీపు చక్రము విప్పును, బ్రేకు డ్రమ్ములో పేరుకొనిన బూడిదవంటి పొడిని గాలిగొట్టముతో ఊదివేయును, క్రొత్త లైనింగును అరగదీసి అమర్చును, క్లచ్చిపలక మార్చును, వేడిగొట్టమునకు చుట్టిన పట్టీని కోసి తీయును. ఇరువదవ శతాబ్దమున చాలకాలము ఈ వస్తువులలో రాతినార కలిసియుండెడిది. నిప్పునకు కాలదు, రాపిడికి లొంగదు, చౌకగా దొరకును. ఇంతకంటె యంత్రనిర్మాతకు కావలసినదేమి? ఈ రాతినార తెలుగువారికి అపరిచితము కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున దానిని గనులనుండి త్రవ్వి తీసిరి. దాని పోగు నిలువునా చీలుచు, చీలుచు, కన్ను పట్టలేని సూదియగును. ఊపిరితో లోనికి పోయిన సూదిని దేహము కరగింపలేదు. కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆస్‌బెస్టోసిస్ వచ్చును, కొందరికి క్యాన్సరు, మరికొందరికి ఊపిరితిత్తుల పైపొరకు మీసోథీలియోమా యను మారకవ్యాధి. ఈ కడపటిది పలుమారు ఇరువది మొదలు ఏబది సంవత్సరముల పిమ్మటగాని బయటపడదు.

ఇది ఎవరును ఎరుగని కీడైనచో దానిని దైవమునకు వదలివేయవచ్చును. కాని అట్లు కాదు. 1906లోనే ఫ్రెంచి కార్మికశాఖ తనిఖీదారు డెనీ ఒరిబో, నార్మండీలోని ఒక రాతినార మిల్లులో సంభవించిన మరణములను గూర్చి నివేదిక ప్రకటించెను. 1931లో ఇంగ్లండు ఈ ధూళిపై నిబంధనలు చేసెను. ఫ్రాన్సు దానిని నిషేధించినది 1997లో. తెలిసిన దినమునకును మాన్పిన దినమునకును నడుమ తొంబది సంవత్సరములు గడచినవి. కీడు ధూళిలో పుట్టినది. దోషము ఈ ఎడములో పుట్టినది.

దీనికి మొదటి ఆక్షేపణ యిట్లు వచ్చును: సైనికుడు అపాయము నెరిగియే చేరినాడు గదా, శత్రువుచే చచ్చుటకు ఒప్పుకొన్నవాడు ధూళిచే చచ్చుటకు ఒప్పుకొనలేదా? ఇందులో మాటల మోసము కలదు. ఒప్పుదల తెలిసిన అపాయమునకే వర్తించును. గుండు సంగతి సైనికునికి తెలియును, పాలకునికిని తెలియును. ధూళి సంగతి తెలిసికొనగలవాడు పాలకుడే, తెలియనివాడు సైనికుడు. మరియొక భేదమును కలదు. గుండు విధిలో భాగము. ధూళి విధిలో భాగము కాదు. తడిగుడ్డతో తుడిచి, ముఖమునకు ముసుగు ధరించి ఆ బ్రేకునే బాగుచేయవచ్చును. దేశరక్షణకు అక్కరలేని మరణమును దేశరక్షణ పేరిట జమకట్టుట తప్పుడు లెక్క.

రెండవ ఆక్షేపణ యింతకంటె గట్టిది: సైనికుడు తన రాజ్యముపైననే వ్యాజ్యమాడిన శిక్షణ యేమగును? ఈ భయము చేతనే 1950లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, సేవాసందర్భమున కలిగిన హానికి సైనికుడు ప్రభుత్వముపై దావా వేయరాదని ఫెరెస్ తీర్పులో చెప్పెను. ఇంగ్లండులో 1947 నాటి చట్టము అట్టి అడ్డునే కట్టెను. 1987లో అది తొలగినను గతకాలపు హానికి తొలగలేదు. 1955 మొదలు 1968 వరకు నౌకాదళమున పనిచేసి రాతినారకు లోనైన యొకనికి 2003లో ప్రభువుల సభ న్యాయమూర్తులు దావా హక్కు లేదనిరి. యుద్ధరంగమున ఆజ్ఞను తర్కింపరాదను మాట ఒప్పదగినదే. కాని మరమ్మతుశాల యుద్ధరంగము కాదు. దావాను మూసిన రాజ్యము మరియొక ద్వారమును తెరచుటకు మరింత బద్ధమగును. ఇంగ్లండు ప్రభుత్వమే 2015 డిసెంబరులో ఆ వ్యాధి సోకిన మాజీ సైనికులకు 1,40,000 పౌండ్ల ఏకమొత్తమును కోరుకొను వీలు కల్పించెను. చట్టము మూసినదానిని మనస్సాక్షి ఆలస్యముగానైన తెరచినది.

భారతదేశమున పరిస్థితి విచిత్రమైనది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు వ్యాధుల పట్టికలో ఆస్‌బెస్టోసిస్ చేరియుండెను. కాని సాయుధ దళములలో సభ్యుడైనవాడు ఆ చట్టమునకు వెలుపలివాడై యుండెను. 1995లో సర్వోన్నత న్యాయస్థానము రాతినార కార్మికుల ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని చెప్పి, వారి ఆరోగ్యపత్రములను కొలువు మొదలు 40 సంవత్సరములు, లేదా విరమణ పిమ్మట 15 సంవత్సరములు, ఏది తరువాతిదో అంతవరకు భద్రపరుపుమనెను. అదే ధూళిని పీల్చిన సైనికునికి మిగిలిన మార్గము వైకల్య పింఛను. వైద్యమండలి నిరాకరించినచో అప్పీలు కలదు. అదియును విఫలమైనచో 2007 నాటి చట్టముచే ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునలు కలదు. పుదుచ్చేరివానికి దాని చెన్నై పీఠము.

అచ్చట ఎదురగు ముఖ్యప్రశ్న ఋజువు. ఏ సంవత్సరమున, ఏ శాలలో, ఏ బండి బ్రేకునుండి ఆ పోగు వచ్చెను? పైగా బ్రేకు వేడికి రాతినార చాలవరకు రూపము మారునని, కావున ఆ పనివారికి మీసోథీలియోమా ముప్పు అధికమని చెప్పలేమని వాదించు శాస్త్రజ్ఞులును కలరు. ఆ వాదమును దాచుట ధర్మము కాదు. అయితే సందేహము మిగిలినప్పుడు దాని బరువును ఎవరు మోయవలెను? బండి కొన్నవాడు, లైనింగు ఎన్నుకొన్నవాడు, కొలువుపుస్తకము దాచినవాడు రాజ్యమే. కాగితములన్నియు తన పెట్టెలో నుంచుకొని ఎదుటివానిని కాగితము చూపుమనుట న్యాయము కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, నాటి నిబంధనల ననుసరించి, చేరునాడు వ్యాధి యున్నట్లు వ్రాయబడనిచో పిదపటి వ్యాధి సేవ వలననే కలిగినదని ఊహింపవలెననియు, సందేహఫలము సైనికునిదే యనియు చెప్పెను. 2023లో ఆ నిబంధనల స్థానమున క్రొత్తవి వచ్చినవి. కాని ఆ తీర్పులోని ధర్మము నిబంధనలతో పుట్టినది కాదు, నిబంధనలతో పోవునది కాదు.

ఫ్రెంచి సేనలో పనిచేసినవాని మార్గము వేరు. రాతినార బాధితులకై ఫ్రాన్సు 2000 డిసెంబరులో చేసిన చట్టముచే ఒక పరిహారనిధి ఏర్పడెను. సైనిక వైకల్య పింఛను చట్టము క్రింద ఈ వ్యాధి గుర్తింపబడినవాడును దానిని ఆశ్రయింపవచ్చును. వ్యాధికిని రాతినారకును సంబంధము చూపు మొదటి వైద్యపత్రము నాటినుండి అతనికి పది సంవత్సరముల గడువు కలదు. ఈ గడువు లెక్కలో గొప్ప వివేకమున్నది. కాలము ధూళి పీల్చిన నాటినుండి కాక, తెలిసిన నాటినుండి నడచును. తెలియని గాయమునకు గడువు దాటినదనుట, నిద్రించువానిని పిలువకయే రాలేదని నిందించుట వంటిది.

ఇదే ఫ్రాన్సు ఒక ఓడ విషయమున పాఠము నేర్చుకొనెను. రాతినార నిండిన క్లెమాన్సో యను విమానవాహక యుద్ధనౌకను 2005 డిసెంబరు 31న అలంగు తీరమున విరుగగొట్టించుటకై పంపెను. భారతదేశమున అభ్యంతరములు లేచెను. 2006 ఫిబ్రవరి 15న ఫ్రాన్సు అత్యున్నత పాలనా న్యాయస్థానము ఆ యెగుమతిని నిలిపెను. అధ్యక్షుడు షిరాక్ ఓడను వెనుకకు రప్పించెను. సముద్రము దాటిన ధూళిని రాజ్యము తనదని ఒప్పుకొనెను. మంచిదే. అయితే ఓడను వెనుకకు పిలువవచ్చును; ఊపిరితిత్తిని పిలువలేరు. ఇనుములోని ధూళి తనదైనప్పుడు, తన ఆజ్ఞపై పనిచేసినవాని ఎదలోని ధూళి ఎవరిది?

పరిహారధనము ఊపిరిని తిరిగి ఇయ్యదు. ఇది రోగియు ఎరుగును. అతడు కోరునది ధనము మాత్రమే కాదు. ‘నీవు పొగత్రాగి చెడితివి, ముసలితనముచే చెడితివి’ అను మాటకు మారుగా, ‘మా ఆజ్ఞ పాలించుచు చెడితివి’ అను మాట అతనికి కావలెను. ఆ ఒక్క వాక్యము పింఛను పత్రముపై నున్నచో అతని భార్యకును జీవనము దొరకును, అతని జీవితమునకును అర్థము దొరకును. ఆ వాక్యము వ్రాయుటకు జాగుచేయు కొలది దానిని చదువువారు తగ్గిపోవుదురు. ఈ వ్యాధిలో జాగు కూడ ఒక విధమైన తీర్పే.

మాసిమఘము నాడు వైతికుప్పపు ఒడ్డున మూర్తులు నీట మునిగి లేచును, ధూళి కడిగివేయబడును. మరమ్మతుశాలలో ఊపిరి పీల్చినవానికి అట్టి స్నానము లేదు. అతనికి మిగిలినది మనుష్యులు ఇయ్యగల న్యాయము మాత్రమే. అది అతడు బ్రతికియుండగా రావలెను.