ధర్మమునకు కావలి ఎవరు?

కార్తిక పూర్ణిమనాడు వాడరేవున స్నానమాడువారిని కడలి కులమడుగదు. ఆ తీరమునకు అనతిదూరమున నున్న కారంచేడులో మంచినీటి చెరువుకడ పుట్టిన వివాదము 1985 జూలై 17న ఆరుగురు దళితుల ప్రాణములను బలిగొన్నది. మిగిలినవారు చీరాలకు పోయి తలదాచుకొనిరి.

1989లో అత్యాచార నిరోధక చట్టము వచ్చినది. విధిని ఉపేక్షించిన అధికారికిని అందు శిక్ష గలదు. దుర్బలుని రక్షించుట రాజధర్మము గనుక ఇది యుచితము. రక్షకభటులు అన్ని వాడల పెద్దలను కూర్చి శాంతిసంఘములు నడపుటయు మేలే. అయితే బాధితునకు అందు నోరు విప్పు ధైర్యము లేనిచో దానిని శాంతి యనరాదు, అది భయము.

ఆ ధైర్యమును ఇయ్యగలవారు పొరుగువారే. శ్రీరంగమున లోకసారంగముని, తాను రాతితో కొట్టిన తిరుప్పాణాళ్వారునే, స్వామి యానతిని భుజములపై మోసికొని సన్నిధికి చేర్చెనని సంప్రదాయము. రాయి విసరు చేతిని చట్టము ఆపవలెను, ఆపగలదు. భుజమొగ్గుట మాత్రము భక్తుని వంతు. ఆళ్వారులకు అంజలి ఘటించి యింటికి మరలు యాత్రికుడు తన యూరి చెరువుకడ ఎవరిని దూరముగా నిలుపుచున్నాడో విచారించుకొనవలెను. స్వామి యానతి అచ్చటను చెల్లును.