ఆధారం, నియమనం, ప్రయోజనం: విండోల పారతంత్ర్యంపై ఒక విచారణ

ఒక వస్తువు మరొకదానిని ఆశ్రయించి ఉన్నదని చెప్పినప్పుడు ఆ పారతంత్ర్యం దేనిలో ఉన్నట్లు, దాని ఉనికిలోనా, నడవడిలోనా, లేక అది ఎవరి కోసం ఉన్నదన్న విషయంలోనా అన్నది వేదాంతంలో చాలా కాలంగా చర్చకు వస్తున్న ప్రశ్న. రామానుజాచార్యులు శరీరానికి చేసిన నిర్వచనంలో ఈ మూడింటినీ విడదీసి చూపి, మళ్లీ ఒక్కచోట ముడివేశారు. ఆయన మతంలో ఏ ద్రవ్యాన్ని ఒక చేతనుడు అన్ని విధాలా ధరించి, నియమించి, తన ప్రయోజనానికే వినియోగించుకోగలడో ఆ ద్రవ్యం అతనికి శరీరం. ధరించేది ఆధారం, ధరింపబడేది ఆధేయం. నియమించేవాడు నియంత, లోబడి నడిచేది నియామ్యం. ఎవరి ప్రయోజనం కోసం ఉన్నదో అతడు శేషి, అతని కోసం ఉన్నది శేషం. తిరుమలలో శ్రీనివాసుని సన్నిధిలో ఉపన్యసించారని సంప్రదాయం చెప్పే వేదార్థసంగ్రహంలోనూ, శ్రీభాష్యంలోనూ జగత్తుకూ ఈశ్వరునికీ గల సంబంధం ఈ దృష్టితోనే నిరూపితమైంది. ఈ మూడూ వేర్వేరుగా నిలవగలవా, ఒకటి ఉన్నచోట మిగిలిన రెండూ ఉండి తీరాలా అన్న సందేహాన్ని పరీక్షించి చూడటానికి మనుషులు స్వయంగా నిర్మించుకున్న ఒక చిన్న ప్రపంచం ఇప్పుడు అందుబాటులో ఉంది. అది కంప్యూటరు తెర మీది విండోల ప్రపంచం.

డెస్క్‌టాప్ అప్లికేషన్ రాసేవారి లెక్కలో విండో అంటే చట్రం, పేరుపట్టీ ఉన్న దీర్ఘచతురస్రం మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని విన్32 పద్ధతిలో దాని లోపల కనిపించే బటన్, అక్షరాలు టైపు చేసే గడి, జాబితా కూడా సాధారణంగా ఒక్కొక్క విండోయే. బయటిది పేరెంట్ విండో, లోపలివి చైల్డ్ విండోలు. ఒక పేరెంట్‌కు ఎన్ని చైల్డ్ విండోలైనా ఉండవచ్చు గాని, ఒక చైల్డ్‌కు పేరెంట్ ఒక్కటే. చైల్డ్ స్థానాన్ని పేరెంట్ లోపలి భాగపు ఎడమ పైమూల నుంచి లెక్కిస్తారు, పేరెంట్ కదిలితే అదీ కదులుతుంది, హద్దు దాటిన భాగం తెరపై కనబడదు. పేరెంట్‌ను దాచితే చైల్డ్ కూడా కనుమరుగవుతుంది. అయినా ‘ఇది కనబడవలసినది’ అని చైల్డ్‌కు సొంతంగా ఉన్న గుర్తు చెరిగిపోదు గనుక, పేరెంట్ మళ్లీ ప్రత్యక్షం కాగానే వేరే ఆజ్ఞ అక్కరలేకుండానే చైల్డ్ కూడా తెర మీదికి వస్తుంది. ప్రళయంలో చిదచిత్తులు, అంటే జీవులూ జడప్రకృతీ, నశించక నామరూపాలు విడిచి సూక్ష్మదశలో ఉంటాయని రామానుజ మతస్థులైన విశిష్టాద్వైతులు చెప్పే మాటకు ఇది ఎంతో దగ్గరి స్థితి.

నాశనం సంగతి వేరు. పేరెంట్ నాశనమైతే చైల్డ్ విండోలన్నీ దానితోపాటే పోతాయి, అక్కడ సూక్ష్మదశ లేదు. జీవుడు నిత్యుడన్న సిద్ధాంతానికీ విండోల వ్యవస్థకూ పోలిక ఇక్కడ తెగిపోతుంది. అయితే ఆ పోవడంలోని క్రమం నిదానించి చూడదగ్గది. విండోస్‌లో ముగింపును తెలిపే సందేశాలు రెండు. మొదటిదైన డిస్ట్రాయ్ సందేశం ముందు పేరెంట్‌కు, తరువాత చైల్డ్ విండోలకు అందుతుంది. పేరెంట్ దానిని అందుకునే వేళకు చైల్డ్ విండోలన్నీ ఇంకా ఉంటాయి కనుక, టైపు గడిలో మిగిలిన పాఠాన్ని చదివి భద్రపరచడం వంటి పనులు అప్పుడు నిశ్చింతగా చేసుకోవచ్చు. రెండవదైన ఎన్‌సీడిస్ట్రాయ్ సందేశం పేరెంట్‌కు చేరేది చైల్డ్ విండోలన్నీ ముగిసిన తరువాతే. అప్పుడు వాటి కోసం వెదికే ప్రోగ్రామర్‌కు ఏమీ దొరకదు. ముగింపు వార్తను ముందుగా వినేది ఆధారమే, అందరి తరువాత వెళ్లేదీ ఆధారమే. ఆధారాన్ని విడిచి ఆధేయం నిలవలేని స్థితిని రామానుజ సంప్రదాయం అపృథక్సిద్ధి అంటుంది. ఆధేయం ఒక్క క్షణమైనా నిరాధారంగా ఉండకుండా చూసే బాధ్యత ఆధారానిదేనన్న భావం ఈ రెండు సందేశాల వరుసలో ఆచరణగా మారింది.

చిక్కు డైలాగ్ బాక్సు దగ్గర మొదలవుతుంది. ‘ఫైలును భద్రపరచాలా’ అని అడిగే ఆ పెట్టె ప్రధాన విండోకు చైల్డ్ కాదు, దాని హద్దుల్లో ఇమిడి ఉండవలసిన పనీ లేదు. ప్రధాన విండో దానికి ఓనర్ మాత్రమే: పెట్టె ఎప్పుడూ ఓనర్‌కు పైనే కనబడుతుంది, ఓనర్‌ను మినిమైజ్ చేస్తే దాగుతుంది, ఓనర్ నాశనమైతే తానూ నాశనమవుతుంది. విండోను సృష్టించే ఫంక్షన్‌లో పేరెంట్‌కూ ఓనర్‌కూ కలిపి ఒకే స్థానం కేటాయించారు; చైల్డ్ అన్న శైలి గుర్తు జోడిస్తే అక్కడ ఇచ్చినది పేరెంట్, జోడించకపోతే ఓనర్. రెండు భిన్నమైన పారతంత్ర్యాలను ఒకే పేరు కింద ఉంచడం పొదుపైన ఏర్పాటే గాని, కొత్తగా నేర్చుకునేవారి తికమకలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ గ్రంథాలయంలోనూ పేరెంట్ ఉన్న విడ్జెట్‌కు, అంటే తెర మీది అంగానికి, విండో అన్న గుర్తు పెడితే అది హద్దుల నుంచి విడివడి స్వతంత్రంగా తెరచుకుంటుంది, ఆయుర్దాయం మాత్రం పేరెంట్ చేతిలోనే ఉంటుంది.

ఆ డైలాగ్ మోడల్ తరహాదైతే, అంటే జవాబు వచ్చేదాకా వేరే పని సాగనివ్వనిదైతే, అది తెరచి ఉన్నంతసేపూ ఓనర్ మౌసుకూ కీబోర్డుకూ స్పందించకుండా నిరోధింపబడుతుంది. ఉనికి విషయంలో ఆధేయమైనది నడవడి విషయంలో తన ఆధారాన్నే కట్టివేస్తున్నది. మూసేటప్పుడు ముందుగా ఓనర్‌ను విడుదల చేసి ఆ తరువాతే డైలాగ్‌ను నాశనం చేయాలి. వరుస తప్పితే, నిరోధంలో ఉన్న ఓనర్‌కు అవకాశం దక్కక, సంబంధం లేని మరొక అప్లికేషన్ విండో ముందుకు వచ్చి నిలుస్తుంది. ధరించడం, నియమించడం ఒకే దిక్కున సాగి తీరాలన్న నియమం లేదని దీనివల్ల తేలుతుంది, నిర్వచనంలో ‘అన్ని విధాలా’ అన్న విశేషణం ఎందుకు అవసరమైందో కూడా తెలుస్తుంది. కాని మూడో సంబంధం ఇక్కడ కూడా తలకిందులు కాలేదు. డైలాగ్ ఓనర్‌ను ఆపినది ఓనర్‌లోని పత్రం పోకూడదనే. నియమిస్తున్నప్పుడు సైతం అది శేషంగానే ఉన్నది. జీవుని స్వరూపాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు వైష్ణవాచార్యులు శేషత్వానికి అంతటి ప్రాధాన్యం ఇవ్వడం సమంజసమని ఈ చిన్న ఉదాహరణ బలపరుస్తుంది.

ఇక మిగిలిన ప్రశ్న అన్నింటికన్నా లోతైనది: పారతంత్ర్యం ఫలానా ఆధారానికి కట్టుబడినదా, ఏదో ఒక ఆధారానికా? ఎంఐటీలో 1984లో మొదలై, 1987లో పదకొండవ రూపాంతరానికి చేరి, యూనిక్స్, లినక్స్ యంత్రాలపై విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఎక్స్ విండో వ్యవస్థ దీనికి స్పష్టమైన సమాధానం ఇస్తుంది. అందులో అన్నింటికీ మూలం రూట్ విండో. దానికి పేరెంట్ లేదు, దానిని నాశనం చేయమని ఏ ప్రోగ్రామ్ కోరినా ఆ కోరికకు ఫలితం ఉండదు. ఆధారానికి ఆధారం వెదుకుతూ అంతం లేకుండా పోయే అనవస్థా దోషం అక్కడ ఆగుతుంది. అప్లికేషన్ తన ప్రధాన విండోను మొదట రూట్‌కే చైల్డ్‌గా సృష్టిస్తుంది. దానిని చూపమని అడిగినప్పుడు ఆ అభ్యర్థన విండో మేనేజర్ అనే మరొక ప్రోగ్రామ్‌కు మళ్లుతుంది, ఆ మేనేజర్ సాధారణంగా ఒక చట్రాన్ని తయారుచేసి అప్లికేషన్ విండోను అందులోకి మార్చుకుంటుంది. పేరెంట్ మారింది, విండో గుర్తింపు సంఖ్య మారలేదు. ఫలానా ఆధారం ఆగంతుకం, ఆధారం ఉండటం మాత్రం స్వరూపం.

మరి ఆ మేనేజర్ హఠాత్తుగా ఆగిపోతే? దాని చట్రం నాశనమవుతుంది, నియమం ప్రకారం లోపలి అప్లికేషన్ విండో కూడా పోవాలి. అలా జరగకుండా మేనేజర్ తాను చేరదీసిన ప్రతి విండోనూ సేవ్‌సెట్ అనే పట్టికలో ముందే నమోదు చేయిస్తుంది; మేనేజర్ సంబంధం తెగిన వెంటనే, తెరను నిర్వహించే ఎక్స్ సర్వర్ ఆ పట్టికలోని విండోలను చట్రాల నుంచి తప్పించి, సాధారణంగా రూట్‌కే తిరిగి అప్పగించి, దాగి ఉన్నవాటిని తెరపై చూపుతుంది. ఇలా అడగకుండానే దక్కే రక్షణ వేదాంతంలోని ఒక పాత వివాదాన్ని గుర్తుచేస్తుంది. రామానుజుల తరువాత ఆయన సంప్రదాయంలోని రెండు శాఖలలో తెంగలై వారు తల్లి నోట కరచుకుపోయే పిల్లికూనను, వడగలై వారు తల్లి పొట్టను పట్టుకు వేలాడే కోతిపిల్లను దృష్టాంతంగా తీసుకుని, రక్షణలో జీవుని ప్రయత్నం ఎంత అన్న వివాదాన్ని సాగించారు. వడగలై ఆచార్యులైన వేదాంతదేశికులు భగవంతుని దయకు జీవుని పక్షాన ఒక వ్యాజం, అంటే చిన్న నెపమైనా కావాలన్నారు. ఎక్స్ వ్యవస్థలో విండో చట్రంలోకి చేరడానికి ‘నన్ను చూపు’ అన్న అభ్యర్థన వ్యాజంగా కనిపిస్తుంది కనుక అక్కడ దేశికుల పక్షం నిలుస్తుంది. చట్రం కూలినప్పుడు మాత్రం అప్లికేషన్ ఏమీ అడగదు, పట్టికలో పేరు చేర్పించినది కూడా అది కాదు. ఆ ఘట్టం పూర్తిగా తెంగలై వారిదే.