విప్పుడు కథ, విప్పని కథ

(న్యాయాధిపతులు 14:10–20 చదువుకొనుడి)



వేసవి ఆరంభమున మన భద్రాచలము, దుమ్ముగూడెము అడవులలో ఇప్పపూవు రాలును. తెల్లవారకమునుపే తల్లులు బుట్టలు పట్టుకొని చెట్ల క్రిందికి పోవుదురు. ఆ పూవును గూర్చి పిల్లలకు ఇట్లొక పొడుపు కథ వేయవచ్చును: "కోసినవాడు లేడు, ప్రొద్దు పొడిచేసరికి బుట్ట నిండింది. ఏమిటది?" పిల్లవాడు తల గోకుకొనును. తల్లి చెప్పగానే, "అయ్యో, రోజూ మనము ఏరుకొనేదే గదా!" అని నవ్వును.

ఈ ఆటను మనము పొడుపు కథ యందుము, విప్పుడు కథ యనియు అందుము. పొడుచుట యనగా గ్రుచ్చుట. అయితే ప్రొద్దు పొడిచెను, వేగుచుక్క పొడిచెను అనికూడ అందుము గదా. మొదట మాట మనస్సును గ్రుచ్చును, పిమ్మట వెలుగు వచ్చును. విప్పుట యనగా ముడి విప్పుట. విన్నవాడు ఓడిపోతినని ఒప్పుకొన్నయెడల, ముడి వేసినవాడే దానిని విప్పి చూపవలెను. ఇది ఆ ఆటలోని ధర్మము.

హెబ్రీ భాషలో దీనికి హీదా అను మాట కలదు. సమ్సోను చరిత్రలో మన తెలుగు బైబిలు దానిని విప్పుడు కథ యన్నది. 78వ కీర్తనలో గూఢవాక్యములన్నది. కాబట్టి ఒక్క మాటే ఒకచోట పందెము, మరియొకచోట ఉపదేశము. భేదమెక్కడ నున్నది? జవాబు తెలిసినవాడు దానిని దాచుట ఎప్పుడు ఆట, ఎప్పుడు పాపము?

సమ్సోను పెండ్లి విందులో ముప్పదిమందికి కథ వేసెను. పందెము ముప్పది నారబట్టలు, ముప్పది దుస్తులు. చచ్చిన సింహపు కళేబరములో తేనె దొరికిన సంగతి అతడొక్కడే యెరుగును, తలిదండ్రులకైనను చెప్పలేదు. వినువారు ఎంత తెలివిగలవారైనను ఎట్లు విప్పగలరు? ఇప్పపూవు అందరి కన్నులయెదుట నున్నది; ఆ తేనె ఒక్కని కడుపులో దాగియున్నది. ఫలమేమి? బెదరింపు, భార్య కన్నీరు, అష్కెలోనులో ముప్పదిమంది మరణము. తరువాత ఆమెయు ఆమె తండ్రియు అగ్నిలో కాల్చబడిరి. నవ్వులతో మొదలైనది బూడిదతో ముగిసెను.

అట్టి కథలు మనమధ్యను లేవా? చదువురాని కోయ రైతుచేత వ్రేలిముద్ర వేయించుకొనిన కాగితమొక విప్పుడు కథయే. వ్రాసినవానికి జవాబు తెలియును, ముద్ర వేసినవానికి తెలియదు. వాడు అడిగినను విప్పి చెప్పువాడు లేడు. ఏజెన్సీలో గిరిజనుల భూమి పరుల చేతిలోనికి పోకుండ 1959లో ఒక నిబంధన చేసిరి. 1970లో దానిని ఇంకను కఠినముగా సవరించిరి. కాని చట్టము సహా తన్ను చదువలేనివానికి గూఢవాక్యమే. ప్రక్కయింటివాడు చదివి చెప్పినప్పుడే అది వానికి కాపుదల యగును.

ఇతరులను తప్పుపట్టుట సులభము. మన సంగతి యేమి? ఇంటిలో కోయమాట మాట్లాడు అవ్వ గుడిలో కూర్చుండగా, మనము పెద్ద పెద్ద మాటలతో ప్రసంగించి, ఆమె తల యూపినందుకు సంతోషించుచున్నాము. ఆమెకు అర్థమైనదా యని అడిగితిమా? సంఘపు లెక్కలు ఇద్దరు ముగ్గురికే తెలిసియుండుట మంచిదా? తెలిసినదానిని బలముగా చేసికొనుటయందు మనము సమ్సోను తమ్ములమే.

దేవుని రీతి వేరు. యెహెజ్కేలు 17వ అధ్యాయములో ఆయన పక్షిరాజును గూర్చి ఒక గూఢమైన కథ వేయించెను. అదే అధ్యాయములో దాని భావమును ఆయనయే విప్పెను. మోషేతో గూఢముగా కాక ముఖాముఖిగా మాటలాడెను. షేబ రాణి కఠినమైన ప్రశ్నలు తెచ్చినప్పుడు, ఆయన జ్ఞానము పొందిన సొలొమోను ఒక్కటియు దాచక ఉత్తరమిచ్చెను. దేవుడు ముడి వేసినను మనము ఓడవలెనని కాదు, మనము వెదకవలెననియే.

అయినను ఇంకను విప్పబడని ముడులున్నవి. పసిబిడ్డ ఏల చనిపోయెను? నీతిమంతుని పొలమే గోదావరి వరదలో ఏల మునిగెను? వీటికి జవాబు తెలిసినట్లు నటింపకుందము. తెలిసినది దాచుట ఎంత తప్పో, తెలియనిది తెలిసినట్లు చెప్పుటయు అంత తప్పు. మన మిప్పుడు అద్దములో మసకగా చూచుచున్నామని పౌలు కొరింథీయులకు వ్రాసెను. అక్కడ గ్రీకులో ఆయన వాడిన మాటకు విప్పుడు కథ యనియే అర్థము. ఒకనాడు ముఖాముఖిగా చూతుమనియు ఆయనే వ్రాసెను.

అంతవరకు మన చేతనైన ముడులను విప్పుదము. ఈ నెలలో మనలో చదువు వచ్చిన ప్రతివాడును, చదువురాని ఒక్క పొరుగువాని కాగితమునైనను వానికి తెలిసిన మాటలలో చదివి చెప్పును గాక. ఆమేన్.