చూచినది చెప్పుట ఋణమా?

మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని మన పెద్దలు చెప్పిరి. వీనిలో ఋషిఋణము విద్యవలన తీరును. మనకు తెలిసినదంతయు పూర్వము ఎవరో చూచి, దాచుకొనక చెప్పుటచేతనే దక్కినది; కావున మనమును చూచినదానిని దాచుకొనక చెప్పవలెనని దాని తాత్పర్యముగా మేము గ్రహించుచున్నాము. అయితే ఎవరును అడుగని చోట, చెప్పకున్నను ఎవరికిని తెలియని చోట, ఆ ఋణము మనలను కట్టునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములవలన గాక ఒక పక్షి కాలివలన కలిగినది.

ఒక మాఘమాసపు ఆదివారమున వేలూరునుండి మేమును, గుడియాత్తమునుండి మా బంధువులును కలిసి పులికాట్ సరస్సు చూడబోతిమి. ప్రళయకావేరి అని తెలుగువారు పిలుచుకొన్న ఆ ఉప్పునీటి సరస్సులో అధికభాగము ఆంధ్రదేశమునను, కొంత భాగము తమిళనాటను ఉన్నది. పక్షులకు ఆ ఎల్లతో పనిలేదు. పడవలు నిలుచు చోట చేపముక్కలకై సీగల్ పక్షులు, తమిళ సోదరులు కడల్‌పురా అనునవి, గుంపులుగా వ్రాలుచుండెను. వానిలో ఒక జాతి మధ్య ఆసియాలోని ఎత్తైన పీఠభూముల సరస్సులకడ వేసవిలో గ్రుడ్లు పెట్టి, చలికాలమునకు మన తీరములు చేరును. వేసవిలో గోధుమవన్నెగా నుండు దాని తల ఇచ్చటికి వచ్చునప్పటికి తెల్లబడి, చెవికడ మచ్చ మాత్రము మిగిలియుండును.

అట్టి పక్షి యొకదాని కాలికి కడియము కనబడినది. బైనాక్యులర్‌తో చూడగా దానిపై నాలుగు గుర్తులుండెను. మూడు స్పష్టముగా తెలిసినవి. నాలుగవది 3 అని కొందరు, 8 అని కొందరు. ఇంతలో పక్షి యెగిరిపోయినది. మా అన్నగారి కుమారుడు, "ఎనిమిదని రాసేద్దాం బాబాయ్, ఎవరొచ్చి చూస్తారు?" అనెను. పిల్లవాడు హాస్యముగా అన్న మాటయే యైనను, ధర్మశాస్త్రమంతయు ఆ మాటకు ఉత్తరమేమో యని మాకు తోచినది.

ఆ కడియపు చరిత్ర కొంత చెప్పవలెను. 1899లో డెన్మార్కు దేశమున వీబోర్గ్ పట్టణపు ఉపాధ్యాయుడు మార్టెన్సెన్, మన గోరువంకకు జ్ఞాతియైన స్టార్లింగ్ పక్షులను 165 పట్టి, వాని కాళ్ళకు అల్యూమినియము కడియములు తొడిగి విడిచెను. ప్రతి కడియమునకు వేరు సంఖ్య. దానితోపాటు ఊరి పేరు. పక్షి ఎచ్చట కనబడినను చూచినవాడు తెలుపునను నమ్మకము తప్ప ఆయనకు వేరు సాధనము లేదు. మన దేశమున బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు 1927లో ఈ పని మొదలిడిరి. 1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో కోతులను, మనుష్యులను చంపు క్రొత్త జ్వరము పుట్టగా, దాని బీజమును వలసపక్షుల మేనిపై పిడుదులు ఉత్తరదేశములనుండి తెచ్చెనేమో యను సందేహము కలిగెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1959 మొదలు సాలిం అలీగారి ఆధ్వర్యవమున వేలకొలది పక్షులకు కడియములు వేయబడెను. తమిళనాటి కోడియక్కరైయును అట్టి కేంద్రములలో ఒకటి. ఆ కడియములపై నున్న ఆంగ్లవాక్యమునకు "బొంబాయి సంఘమునకు తెలుపుడు" అని యర్థము. అది ఆజ్ఞ కాదు. తెలుపనివానికి శిక్ష లేదు. తెలిపినవానికి బహుమానము లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపము కలదు. భోజనమునకు ముందు కాకికి ముద్ద పెట్టి భూతయజ్ఞము చేయు మనము, తెలివికొరకై నోరులేని ప్రాణిని వలలో పట్టి కాలికి లోహము తగిలించుటను మెచ్చవచ్చునా? ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. కడియము తేలికయైనదే, తొడుగువారు నేర్పరులే. అయినను పక్షి క్షణకాలమైనను భయపడినది. తాను కోరని బరువును మోయుచున్నది. ఆ భయమునకు, ఆ బరువునకు ఫలము ఎప్పుడు కలుగును? చూచినవాడు చదివి చెప్పినప్పుడు మాత్రమే. చిన్న పక్షులలో కడియము తొడిగిన నూటికి ఒకదాని కబురైనను తిరిగి వచ్చుట అరుదు. కాబట్టి చూచియు ఊరకుండువాడు ఆ ప్రాణి మోసిన బరువును వ్యర్థము చేయుచున్నాడు. మేము కడియము వేయలేదు గదా యనుట సమాధానము కాదు. కన్నులబడిన క్షణముననే మేము ఆ పనిలో భాగస్వాములమైతిమి.

చెప్పుట ఋణమైనచో, ఉన్నది ఉన్నట్లు చెప్పుట దానిలో అసలు. 1956లో పసిఫిక్ సముద్రమందలి మిడ్వే దీవిలో చాండ్లర్ రాబిన్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఆల్బట్రాస్ పక్షికి కడియము వేసెను. 2002లో ఆయనయే ఆ దీవిలో ఒక పక్షిని పట్టి, పాత లెక్కలు తిరుగవేయగా అది నలువది యారేండ్ల క్రిందటి పక్షియే యని తేలినది. నడుమ ఎవరెవరో అరిగిన కడియములను మార్చుచు, పాతసంఖ్యను తప్పులేక వ్రాసియుంచుటచేతనే ఇది సాధ్యమైనది. విజ్డమ్ అని పేరొందిన ఆ పక్షి 2024 చివరను గూడ గ్రుడ్డు పెట్టినది. నడుమ ఒక్కరు "ఎవరు చూతురు" అని 3ను 8గా వ్రాసియుండినచో ఆ దీర్ఘాయువు లోకమునకు తెలియకయే పోయెడిది. తప్పు సంఖ్య శూన్యముకంటె చెడ్డది. చచ్చిన పక్షిని బ్రదికించును, ఒకదాని బ్రదుకును వేరొకదానికి అంటగట్టును.

తప్పుగా చదువుట సందేహబుద్ధివలనను కలుగును. 2023లో ముంబయి రేవుకడ కాలికడియములతో దొరికిన పావురమొకటి పరదేశపు వేగులదేమో యను అనుమానముతో ఎనిమిది మాసములు నిర్బంధమున నుండెను. అది తైవాను దేశపు పందెపు పావురమని తేలిన పిదప, 2024 జనవరిలో విడువబడినది. అక్షరము చదువలేనిచోట భయము చదివినది.

ఎల్లకు ఈవల తెలుగు మాటాడు మనకు ఇది దూరపు మాట కాదు. జనాభా లెక్కలవారు మన గడప త్రొక్కి మాతృభాష ఏదని యడిగినపుడు, శ్రమ యెందుకని నోటికి వచ్చినది చెప్పువారు మనలో లేకపోలేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానియెడ మన గౌరవము తక్కువ కాదు. అయినను అడిగినది మాతృభాష గదా. ఆ గడిలోని అక్షరము మన కాలి కడియము. దానిని మనమే తప్పుగా చదివించినచో, మనము ఎచ్చటినుండి వచ్చి ఎచ్చట బ్రదుకుచున్నామో రేపటివారు ఎట్లు తెలిసికొందురు?

ఆ రాత్రి ఇంటికి వచ్చి మేము తేదీ, స్థలము, కడియమున్న కాలు, దాని రంగు వ్రాసి, మూడు గుర్తులు నిశ్చయమనియు, నాలుగవది 3 గాని 8 గాని కావచ్చునే గాని నిశ్చయము లేదనియు పంపితిమి. ప్రక్కన కూర్చుండి మా పిల్లవాడే ఆ వాక్యమును వ్రాసెను. బదులు ఇంకను రాలేదు. వచ్చినను రాకున్నను మా వంతు ఋణము మేము తీర్చితిమి. నాలుగవ అక్షరమును చదువవలసిన కన్నులు మరియొక తీరమున, మరియొకరివి.